మిలటరీ ఎర్నెస్ట్ బిగించిన రెండో బ్యాటరీ

నాంపల్లి స్టేషన్ ఎదురుసందులో నిలబడి ఎర్నెస్ట్ దుకాణం ఎక్కడని అడిగితే ఆ రోజుల్లో ఎవరూ చెప్పేవారు కాదు. "ఏ ఎర్నెస్ట్?" అని తిరిగి మనల్నే అడిగేవారు. మిలటరీ ఎర్నెస్ట్ అంటే మాత్రం టాంగావాడి దగ్గర్నుంచి స్టేషన్ కూలీ దాకా అందరి చేతులూ ఒకే వైపు లేచేవి. ఖాకీ చొక్కా, మోచేతుల పైకి మడిచిన చేతులు, నిమ్మకాయ నిలబెట్టొచ్చు అనిపించే మీసం. అలాంటి మనిషి బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూస్తే సగం రోగం భయంతోనే కుదురుతుందని ఆ సందులో వాళ్ళ నమ్మకం.

ఎర్నెస్ట్ మిలటరీలో నాలుగేళ్ళు ఉన్న మాట నిజం. బర్మా సరిహద్దు దాకా వెళ్ళిన మాట నిజం. బండ్లు బాగుచేసే వర్క్‌షాప్ కంపెనీలోనే ఉన్న మాటా నిజమే. కాకపోతే ఆ కంపెనీలో అతను పట్టింది పానా కాదు, గరిటె. నాలుగేళ్ళూ పప్పు తిప్పాడు, రొట్టెలు కాల్చాడు, బస్తాలకు బస్తాలు ఆలుగడ్డలు ఒలిచాడు.

యుద్ధం అయ్యాక అబిడ్స్‌లో ఒక పార్సీ పెద్దమనిషి గ్యారేజీకి పనికోసం వెళ్తే, "మిలటరీలో ఎక్కడున్నావు?" అని అడిగాడాయన. "వర్క్‌షాప్ కంపెనీల ఉంటి సాబ్" అన్నాడు ఎర్నెస్ట్. ఆయన సంతోషించి వెంటనే లోపలికి రమ్మన్నాడు. ఎర్నెస్ట్ అబద్ధం ఆడలేదు, నిజంలో సగం మింగాడు. అంతే. తర్వాత ఆ గ్యారేజీలోనే కళ్ళతో చూసి, చేతులు కాల్చుకుని, కరెంటు పని నిజంగానే నేర్చాడు. సొంత దుకాణం పెట్టాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ మింగిన సగం మాత్రం పదిహేనేళ్ళయినా అరగలేదు.

అరగకపోవడానికి కారణం బెత్సీ. ఆమె మెదక్ పిల్ల. ఆమె తండ్రి, ఎవరో దొర బంగళాలో వంట చేసే కుర్రవాడి సంబంధం వస్తే, "గరిటె పట్టే మొగోనికి పిల్లనియ్య" అని గుమ్మంలోంచే తిప్పి పంపిన మనిషి. మిలటరీ మెకానిక్ అనేసరికి మారు మాట్లాడకుండా చేశాడు పెళ్ళి. అప్పట్నుంచి బెత్సీ ప్రతి ఆదివారం చర్చి మెట్ల మీద భర్త యుద్ధాన్ని కొంచెం కొంచెం పెంచుతూ వచ్చింది. ఈమధ్యన ఒక జనరల్ దొర జీపును ఎర్నెస్ట్ బాంబుల మధ్య బాగుచేశాడు కూడా. ఆ జనరల్ ఎవరో ఎర్నెస్ట్‌కూ తెలియదు. ఈ ఒక్క గరిటె సంగతి బయటపడితే సందులో పేరూ ఇంట్లో మర్యాదా రెండూ ఒకే ఫ్యూజు మీద ఎగిరిపోతాయని మాత్రం తెలుసు.

1961 దసరా వారంలో మల్లేశ్వరరావు తన ట్రక్కు తీసుకొచ్చాడు.

మల్లేశ్వరరావుది గుడివాడ వైపు. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బావగారి ఉద్యోగం వెనకాలే హైదరాబాదు వచ్చి, ఆదిలాబాదు అడవుల్లో వెదురు కాంట్రాక్టులో దిగాడు. ట్రక్కేమో యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు వేలంలో అమ్మేసిన డాడ్జి. నాలుగు చక్రాలూ లాగుతాయి. రోడ్డన్నది లేనిచోట, వాగుల్లో, గుట్టల మీద ఎనుబోతులా నడుస్తుంది.

"ఎర్నెస్ట్ గారూ, మిలటరీ బండికి మిలటరీ మనిషే చెయ్యి వెయ్యాలండీ," అన్నాడు దిగుతూనే. "మొన్న అడవిలో ఏమైందో విన్నారా? పొద్దుగూకాక వెదురెక్కించడానికి ఈ పెద్ద దీపం పెట్టాం. లోడు అయ్యేసరికి బ్యాటరీ శుభ్రంగా చచ్చూరుకుంది. హ్యాండిల్ తిప్పుదామని దిగితే పొదలో ఏదో గుర్రుమంది. మా క్లీనరు నా ఒళ్ళోకెక్కి కూర్చున్నాడు."

"పులా సాబ్?"

"పులో పందో నేనడగలేదండీ! తెల్లారేదాకా ఇద్దరం ఒకే సీట్లో ఉన్నాం, పెళ్ళిపీటల మీద ఉన్నట్టు."

ఎర్నెస్ట్ నవ్వి బండి చుట్టూ తిరిగాడు. "ఫికర్ చెయ్యకుర్రి. దీపానికో బ్యాటరీ, బండికో బ్యాటరీ. నడుమ స్విచ్చి పెడ్త. బండి నడుస్తున్నంతసేపు స్విచ్చి మూస్తే రెండూ నిండుతయి. బండి ఆపినంక స్విచ్చి లేపుర్రి. ఇగ దీపం రెండోదాన్నే తింటది, మొదటిదాని జోలికి పోదు. రాత్రంత వెలిగించుకోండ్రి, పొద్దుగాల బండి సెల్ఫు కొడితె ఎత్తుకుంటది."

"అదీ మాట! రేపు కొత్త బ్యాటరీ తెస్తాను. ఎల్లుండి అడవికి బయల్దేరాలి. ఇంకోటండీ, రేపు మా హవల్దారు గారు కూడా వస్తారు, పని దగ్గరుండి చూడటానికి. ఈ మధ్యే పెట్టుకున్నా ఆయన్ని. ఆయనదీ మీలాగే బర్మా వర్క్‌షాపేనట. రాధాకృష్ణమూర్తి గారని."

ఎర్నెస్ట్ చేతిలో పానా కింద పడింది.

రాధాకృష్ణమూర్తి. కరెంటు సెక్షన్ హవల్దారు. రోజూ మధ్యాహ్నం పళ్ళెం పట్టుకుని ఎర్నెస్ట్ ముందు నిలబడి, రొట్టెను వెలుతురుకు ఎత్తి పట్టి, "ఇది రొట్టెనా, క్లచ్ ప్లేటా?" అని అందరికీ వినబడేలా అడిగిన మనిషి. మరిచిపోయే మొహమా అది? ఆ మొహం మాత్రం తనది మరిచిపోతుందా?

పొద్దున్నే ఎర్నెస్ట్ దుకాణానికి పోకుండా స్టేషన్ గోడవారన కూర్చునే మంగలి పెంటయ్య దగ్గరికి పోయాడు. రాత్రంతా ఆలోచిస్తే తట్టిన ఉపాయం ఒక్కటే. పేరుదేముంది, ఎర్నెస్టులు ఎంతోమంది ఉంటారు; మనిషి పోలిక మారాలి.

"మీసం తీయ్," అన్నాడు పీట మీద కూర్చుంటూ.

పెంటయ్య కత్తి ఆగిపోయింది. "ఏందన్నా? ఎవలన్న సచ్చిన్రా?"

"ఎవలు సావలె. తీయ్."

"మీ కిరస్తానీలల్ల గూడ తీస్తరా? నాకెరుక లేదే."

"జర నోరు మూసుకోని తీయ్, పెంటయ్యా."

పెంటయ్య తీశాడు. కుడివైపు సగం పోయాక ఎర్నెస్ట్ చేతిలోని అద్దం ఎత్తి చూసుకున్నాడు. చూసుకుని, పీట మీద అలాగే బిగుసుకుపోయాడు. ఆ మీసం అతను పెంచింది మిలటరీ నుంచి వచ్చాక. కంపెనీలో ఉన్నన్నాళ్ళూ అతనికి మీసం లేదు. అద్దంలో కుడివైపు నుంచి తననే చూస్తున్నది అచ్చంగా ఆ రొట్టెల కుర్రవాడే! ఇన్నాళ్ళూ తనను దాచిపెట్టింది మీసం అయితే, దాన్ని చేజేతులా డబ్బిచ్చి మరీ తీయించుకుంటున్నాడు.

"ఆగు, ఆగు!"

"సగం తీసి ఆగుమంటె ఎట్ల అన్నా? సగం మీసంతోని సందుల తిరుగుతవా?"

ఆ సంగతీ నిజమే. రెండో సగమూ పోయింది.

దుకాణం తలుపు తీసేసరికి ఎర్నెస్ట్ గళ్ళ తువ్వాలును గడ్డం కింద నుంచి నెత్తి మీదికి చుట్టి ముడేసుకున్నాడు. ఇంకో మడత పైపెదవి మీదుగా లాగాడు. ఎవరన్నా అడిగితే పన్ను నొప్పి. నోరు తెరవనక్కర్లేదు, గొంతు కూడా వినబడదు. దేవుడు దారి చూపాడనుకున్నాడు.

ట్రక్కు వచ్చింది. ముందు మల్లేశ్వరరావు దిగాడు. వెనక, తల నెరిసినా నడుం వంగని పొడుగాటి మనిషి దిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యో, ఏంటండీ ఈ కట్టు?" అన్నాడు మల్లేశ్వరరావు.

"ఊఁ... ఫన్ను," అన్నాడు ఎర్నెస్ట్ తువ్వాల్లోంచి.

"ఏ కంపెనీ నువ్వు?" అన్నాడు హవల్దారు.

ఎర్నెస్ట్ దవడ పట్టుకుని మూలిగాడు. హవల్దారు కనుబొమ్మ ఒకటి పైకి లేచి, అక్కడే ఉండిపోయింది.

పని మొదలైంది. సీటు వెనక ఇనుప తొట్టె బిగించాడు. గుంతల్లో ఎగిరినా కదలకుండా చెక్కముక్కలు దిగ్గొట్టాడు. బొటనవేలంత లావు తీగలు, నడుమ ఇళ్ళలో మీటరు పక్కన ఉండే పిడి స్విచ్చి. చేతులు వాటంతట అవే నడుస్తున్నాయి. మనసు మాత్రం వెనక ఉంది. హవల్దారు సరిగ్గా మెడ మీదికి వంగి చూస్తున్నాడు. ఆయన ఊపిరి తగుల్తోంది. తువ్వాలు ముడి కొంచెం కొంచెంగా జారుతోంది. రెండు చేతులకూ గ్రీజు, సర్దుకునే వీల్లేదు. దవడతోనే పైకి నెట్టుకుంటున్నాడు.

మల్లేశ్వరరావు కొత్త బ్యాటరీ దింపాడు. అది కాచిగూడలో ప్లేట్లు మార్పించి, పైన తీగలు బిగించే సీసం కొమ్ములు కొత్తగా పోయించినది. దాని నిండా పసుపు. ఒక కొమ్ముకు ఎర్రగా కుంకుమ. పైన బంతిపువ్వు.

"మా ఆవిడ శేషారత్నం పనండీ. దసరా ముందు కొత్త వస్తువు బొట్టు లేకుండా బండెక్కడానికి వీల్లేదంది."

ఎర్నెస్ట్ తల ఊపాడు. అతని దుకాణంలో ప్లస్ కొమ్ముకు ఎర్ర రంగు పూయడం అలవాటు. ఎర్రగా కనబడిందల్లా ప్లస్సే. మామూలు రోజైతే మనిషి ఆగి ఆలోచించేవాడు. మెడ మీద హవల్దారు ఊపిరి ఉన్నవాడు ఏం ఆలోచిస్తాడు? ప్లస్ తీగ తెచ్చి కుంకుమ కొమ్ముకు బిగించాడు. పిడి పట్టుకుని స్విచ్చి మూశాడు.

ఫటేల్‌మంది.

నీలం మెరుపు, కాలిన వాసన. పిడి అంచు కరిగి చుక్కై రాలింది. ఎర్నెస్ట్ కాలితో తన్ని స్విచ్చి లేపాడు. మల్లేశ్వరరావు సందు మధ్యలోకి దూకి, "అయ్యబాబోయ్! పోయిందా? నా బండి పోయిందా?" అన్నాడు. పక్క ఇరానీ హోటల్లోంచి జనం చాయ్ కప్పులతోనే బయటికొచ్చారు.

"తల్లకిందులుగా కలిపావు," అన్నాడు హవల్దారు మెల్లిగా. "బొట్టు చూసి ప్లస్ అనుకున్నావా?"

శేషారత్నమ్మకు ప్లస్సేమిటి, మైనస్సేమిటి? చేతికందిన కొమ్ముకు పెట్టింది. కాచిగూడవాడు కొత్తగా పోసిన కొమ్ముల మీద గుర్తు కొట్టలేదు. చూసి చెప్పే మీటరేమో అబిడ్స్‌లో రిపేరులో ఉంది. మళ్ళీ గుడ్డిగా కలిపితే ఈసారి బ్యాటరీయే పగులుతుంది.

ఎర్నెస్ట్‌కు ఒక్కసారి మెరిసింది. బర్మాలో మీటర్లు పాడైనప్పుడు కరెంటు సెక్షన్‌వాళ్ళు వంటశాలకొచ్చి ఆలుగడ్డ అడిగి పట్టుకుపోయేవారు. దాంట్లో రెండు రాగితీగలు గుచ్చి బ్యాటరీకి తగిలిస్తే, ప్లస్ తీగ చుట్టూ పచ్చబడుతుంది. కూరగడ్డలు తరిగిపోతున్నాయని వాళ్ళతో అతను రోజూ తగవు పడేవాడు. హోటల్లోకి పరుగెత్తి ఒక ఆలుగడ్డ, ఒక చాకు తెచ్చాడు.

అక్కడే చెయ్యి మోసం చేసింది. ఈ పరీక్షకు గడ్డను రెండు ముక్కలు చేస్తే చాలు. ఎర్నెస్ట్ చెయ్యి మాత్రం తన పాత పద్ధతిలో పోయింది. బకెట్లో గడ్డను ముంచి కడిగింది. చాకు ఆనించి గిర్రున తిప్పింది. పొట్టు తెగకుండా ఒకే పొడుగు రిబ్బనై నేలదాకా వేలాడి రాలింది. చాకు మొనతో గడ్డ కళ్ళు ఒక్కొక్కటే పొడిచి తీసింది. గాల్లోకి ఎగరేసి పట్టుకుని, ఒక్క వేటులో రెండు చేసింది. ఇంకొక్క క్షణం ఊరుకుంటే కూరముక్కలు తరిగేదే.

తలెత్తేసరికి హవల్దారు ఆ పొట్టు వంకే చూస్తున్నాడు.

"కరెంటు పరీక్షకు పొట్టు తీయాలా?" అన్నాడు.

"ఊఁ," అన్నాడు ఎర్నెస్ట్. వీపంతా చెమట. రెండు రాగితీగలు ఒక ముక్కలో గుచ్చి, వాటి రెండో కొసలు బ్యాటరీ కొమ్ములకు తగిలించాడు.

"ఆ తువ్వాలు తీయ్."

"ఫన్ను..."

"తీయవయ్యా."

అప్పుడే సందు మొదట్లోంచి బెత్సీ వచ్చింది, లవంగనూనె సీసా పట్టుకుని, చెప్పులు కూడా లేకుండా. పెంటయ్య ఇంటికి పోయి మరీ "మీసం దీయించిండు అక్కా, ఎవలు సచ్చిన్రో చెప్తలేడు" అన్నాడట. దారిలో ఇంకెవరో పన్ను నొప్పన్నారు. ఏది నమ్మాలో తెలియక రెండింటికీ ఏడుస్తూ వచ్చింది.

"ఏమయ్యా, ఏ పన్ను? సూపియ్యి!" అంటూ ఎవరినీ చూడకుండా తువ్వాలు పట్టి లాగింది. ముడి ఊడి వచ్చేసింది.

నున్నటి పైపెదవితో ఎర్నెస్ట్ అందరి ముందూ నిలబడ్డాడు, ఆలుగడ్డ చేత్తో పట్టుకుని.

"ఓరి నీ!" అన్నాడు హవల్దారు. ఆయన మొహం ఒక్కసారిగా పదిహేనేళ్ళు చిన్నదైంది. "లంగర్ ఎర్నెస్ట్! మా వంటశాల ఎర్నెస్ట్! ఒరే, మూడేళ్ళు నీ చేతి రొట్టెలు తిన్నానురా! మల్లేశ్వరరావు గారూ, వీడు మా కంపెనీ వంటవాడండీ! అరశేరు పప్పుతో నలభైమందికి పెట్టిన మహానుభావుడు!"

ఆయనకు పట్టరాని సంతోషం. ఎర్నెస్ట్ రెండు భుజాలూ పట్టి ఊపేస్తున్నాడు. ఎర్నెస్ట్ మాత్రం ఆయన భుజం మీదుగా బెత్సీని చూస్తున్నాడు. బెత్సీ చేతిలో సీసా వొరిగి నూనె కారిపోతోంది. హోటల్ గుమ్మంలో ఎవడో కిసుక్కున నవ్వి ఆపుకున్నాడు.

"వంటవాడా?" అన్నాడు మల్లేశ్వరరావు నెమ్మదిగా. "అంటే... మెకానిక్ కాదన్నమాట. నేనేమో ఈయన మాట నమ్మి రేపు అడవికి పోదామని... ఇప్పుడే కళ్ళముందు మెరుపులు కొట్టించాడు!"

ఎర్నెస్ట్‌కు పారిపోవడానికి ఇక తువ్వాలు కూడా లేదు. ఆ రోజు మొదటిసారి నోరు పూర్తిగా తెరిచాడు.

"ఔ సాబ్. మిలటరీల వంటనే జేసిన. బండ్లపని అబిడ్స్‌ల నేర్చిన. బొట్టు సూసి మోసపోయిన, అది నా తప్పు. గని ఇది సూడుర్రి." గడ్డ ముందుకు చాపాడు. బొట్టులేని కొమ్ము నుంచి వచ్చిన తీగ చుట్టూ రూపాయంత పచ్చ మరక పాకింది. "ఇదే ప్లస్. ఇప్పుడు కలుపుత. మీ దీపం తెల్లారెదాక గాదు, బ్యాటరీ సచ్చేదాక ఎలిగించుర్రి. గప్పుడు సెల్ఫు కొట్టుర్రి. బండి ఎత్తుకోకపోతె దుకాణం మూసి పోత."

మల్లేశ్వరరావు హవల్దారు వైపు చూశాడు. "కానివ్వండి," అన్నాడు హవల్దారు.

తీగలు మార్చాడు. స్విచ్చి మూశాడు. మెరుపు లేదు. బండి స్టార్టు చేసి కాసేపు నడిపి ఆపాడు. స్విచ్చి లేపి పెద్ద దీపం వెలిగించాడు. పట్టపగలు నాంపల్లి సందులో అడవి దీపం గోడ మీద తెల్లగా మండుతోంది.

ఇక కాచుకోవడమే. హోటల్‌వాడు చాయ్‌లు తెచ్చాడు, ఎవరూ సరిగా తాగలేదు. మల్లేశ్వరరావు పచార్లు చేస్తున్నాడు. బెత్సీ సామాన్ల పెట్టె మీద కూర్చుంది. ఏడుపు లేదు, తిట్టు లేదు. అదే ఎర్నెస్ట్‌ను చంపుతోంది. దీపం కంటే ఎక్కువగా ఆమె మొహాన్నే చూస్తున్నాడు. ఒకసారి దగ్గరికి పోయి, "బెత్సీ..." అన్నాడు. ఆమె మొహం అటు తిప్పుకుంది. వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి బంగళా కుర్రవాణ్ణి తిప్పి పంపిన పొద్దు ఎర్నెస్ట్‌కు చూడకుండానే కళ్ళకు కట్టింది.

మధ్యాహ్నం వాలింది. గోడ మీది తెలుపు పసుపైంది. పసుపు ఎరుపైంది. ఆఖరికి దీపం లోపలి తీగ నిప్పుకణికలా మినుకుమని, ఆరిపోయింది. రెండో బ్యాటరీ ఖాళీ.

"ఎక్కుర్రి సాబ్," అన్నాడు ఎర్నెస్ట్.

మల్లేశ్వరరావు ఎక్కి, శ్రీరామా అనుకుని సెల్ఫు నొక్కాడు. గుర్ర్... గుర్ర్... ఆగింది. మళ్ళీ నొక్కాడు. గుర్ర్ అని, దగ్గి, నల్లటి పొగ ఒకటి తుపుక్కున ఊసి, డాడ్జి గర్జించింది.

హోటల్ జనం ఈలలు వేశారు. మల్లేశ్వరరావు సీట్లోంచే, "వంటవాడైతే ఏంటండీ, నా బండికి అన్నం పెట్టాడు!" అని అరిచాడు. హవల్దారు ఎర్నెస్ట్ వీపు మీద ఒకటి చరిచాడు. ఎర్నెస్ట్ నవ్వబోయి ఆగాడు. బెత్సీ లేచి నిలబడింది.

చీర కొంగు నడుముకు దోపుకుంటూ వచ్చి, అతని ఎదురుగా నిలబడింది. ఇంజను హోరులో అందరికీ వినబడేలా అరిచింది.

"నలబైమందికి వండినవా?"

"...ఔ."

"నాలుగేండ్లు వండినవా?"

"ఔ, బెత్సీ. మీ నాయిన కోసమనే..."

"మా నాయిన్ని ఇడ్సిపెట్టు! పెండ్లయి పదమూడేండ్లాయె. నాకు జరమొచ్చి ఒళ్ళు కాలుతుంటె ఏం జేసినవ్? పొయ్యికాడికి రాలె. 'నీళ్ళెట్ల కాగబెట్టాలె బెత్సీ' అని నన్నడిగినవ్! పిల్లలు పుట్టినప్పుడు పురిటిమంచం దిగి వండిన. అరశేరు పప్పుతోని నలబైమందికి పెట్టినోడు, నాకు గంజి కాయలేకపోయినవా?"

హవల్దారు మెల్లిగా బండి అవతలి వైపుకు జారుకున్నాడు. యుద్ధంలో పనిచేసిన మనిషి, ఎప్పుడు తప్పుకోవాలో తెలుసు.

"వచ్చే ఐతారం ఈ సారు మనింట్ల తింటడు," అంది బెత్సీ బండి వైపు చెయ్యి చూపిస్తూ. "రావుగారు, వాళ్ళావిడ గూడ. నేను చర్చి నుంచి వచ్చి కూసుంట. నువ్వు వండుతవ్. పుంటికూర మాంసం. సమజైందా?"

"సమజైంది," అన్నాడు మిలటరీ ఎర్నెస్ట్.

ఆ ఆదివారం బెత్సీ నిజంగానే చర్చి నుంచి వచ్చి, గుమ్మం ముందు నులకమంచం వేసుకుని కూర్చుంది. పెళ్ళయ్యాక అంతసేపు ఊరికే కూర్చోవడం ఆమెకు అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒళ్ళో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. మెట్ల మీద కూర్చున్న ఇరుగుపొరుగు ఆడవాళ్ళు జనరల్ దొర జీపు సంగతి ఎత్తుతారేమోనని చూసింది. ఎవరూ ఎత్తలేదు. వాళ్ళందరి ముక్కులూ లోపలి పొయ్యి వైపే ఉన్నాయి.

కాసేపటికి పక్కన కూర్చున్న శేషారత్నమ్మ వంగి బెత్సీ చెవిలో, "మా ఆయనకు కూడా కొంచెం నేర్పమని అడుగుతావా?" అంది.

బెత్సీ లోపలికి తిరిగి, "ఏమయ్యా, కారం జర తగ్గియ్యి! ఈడ నలబైమంది లేరు, ఏడుగురమే!" అని కేకేసింది.